రాయికి పర్మిట్టు ఉంది, రాయి తీసే మనిషికి ఏదీ?

(నాపరాతి గనుల్లో పనిచేసే కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పై సంవత్సరాలకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసిన వాణ్ణి. ఫైలు ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో తెలిసిన వాణ్ణి. ఆ కొద్దిపాటి అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను. అందులో నా తప్పు ఒకటి ఉన్నది. ముందుగా దానినే చెప్పుకొని మిగిలిన విషయానికి వస్తాను.

దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం నేను ఒక రెవెన్యూ కార్యాలయంలో పనిచేస్తుండగా ఆరుగురు మనుషులు ఒక అర్జీ తెచ్చారు. ముగ్గురు మన సాయిబులు, ముగ్గురు వడ్డెరలు. ఊరి వెలుపల, సాగుకు పనికిరాని రెండెకరాల ప్రభుత్వ భూమిలో నాపరాయి తీసుకొనుటకు లీజు అడగదలచి, అందుకు కావలసిన నిరభ్యంతర పత్రం కోరుతూ వచ్చారు. మొదటిసారి అడంగల్ నకలు లేదని తిప్పి పంపాను. రెండవసారి సర్వే స్కెచ్ లేదని పంపాను. మూడవసారి చలానా తప్పు పద్దు కింద కట్టారని పంపాను. మూడు సార్లూ నేను చెప్పినది నిబంధన ప్రకారం సరైనదే. ఒక్క పైసా కూడా ఎవరినీ అడగలేదు. కాని కావలసిన కాగితాలన్నీ ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసి ఇచ్చి ఉంటే వారు ఒకేసారి తెచ్చుకొనేవారు. ఆ పది నిమిషాల శ్రమ నేను పడలేదు. నాలుగవసారి వారు రాలేదు.

వారు పని మానలేదు. ఆకలి మానదు కదా. అదే గుంతలో, అదే రాయిని, కాగితం లేకుండా తీశారు. మరొక చోట లీజు ఉన్న వ్యాపారి ఆ రాయిని తాను చెప్పిన ధరకు కొని, తన పర్మిట్ల మీద లారీలకు ఎత్తించాడు. మూడేళ్ళ తరువాత వానాకాలంలో గట్టు విరిగిపడి ఆరుగురిలో ఒకరు చనిపోయారు. ఆయన భార్య చిన్నపిల్లను చంకన వేసుకొని మా కార్యాలయానికి వచ్చింది. పనివారి నష్టపరిహార చట్టం 1923 నాటి నుండి ఉండేది. కాని పరిహారం రావాలంటే ఆయన ఎవరివద్ద పనిచేసినట్లు? ఏ హాజరు పట్టికలోనూ పేరు లేదు. వ్యాపారి తన మనిషి కాదన్నాడు. ఆ గుంతకు లీజే లేదు గనుక అది గనియే కాదన్నారు. అప్పుడు ఆమె నన్ను అడిగిన మాట ఇది: "రాయి లారీ ఎక్కితే కాగితం రాస్తారు గదా సార్. మా ఆయన గుంతలోకి దిగితే ఎందుకు రాయలేదు?"

నా వద్ద సమాధానం లేకపోయింది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆమె ప్రశ్నకు ఆలస్యంగా వెదకుకొన్న సమాధానమే.

మన నేల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. బేతంచర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, అటు తాడిపత్రి, తెలంగాణలో తాండూరు. ఈ పేర్లు వింటే దేశమంతటా ఇళ్ళు కట్టేవారికి బండలే గుర్తుకు వస్తాయి. పొరలు పొరలుగా విడివడే ఈ సున్నపురాయికి పెద్ద యంత్రం అక్కరలేకపోయింది. గడ్డపార, సమ్మెట, ఉలి, పొర ఎక్కడ విడుతుందో తెలిసిన కన్ను ఉంటే చాలు. అందువల్లనే ఇది పేదవాని గని అయింది. అందువల్లనే లెక్కలోకి రాని గని కూడా అయింది.

ఈ వృత్తితో మనకున్న సంబంధం నిన్నటిది కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రం బి.సి. 'ఇ' వర్గంగా గుర్తించిన పద్నాలుగు ముస్లిం సమూహాల జాబితా తీసి చూడండి. అందులో తురక కాశవారు, రోళ్ళకు కక్కుకొట్టేవారు, పత్తర్ ఫోడులు అనే పేర్లు కనిపిస్తాయి. అనగా రాయి కొట్టడమే ఇంటిపేరైన ముస్లింలు ఉన్నారని ప్రభుత్వమే రాసి పెట్టింది. ఆ జాబితా వలన మన పిల్లలకు కళాశాలలో సీటు వచ్చింది, కొందరికి ఉద్యోగం వచ్చింది. కాని వృత్తిలోనే ఉండిపోయిన తండ్రికి ఏమి వచ్చింది? మన హక్కుల చర్చ సీటు దగ్గర, ఉద్యోగం దగ్గర ఆగిపోతున్నది. గుంతలో ఉన్న మనిషి దాకా దిగటం లేదు. ఇది మన సంఘాల లోపమే గాని ప్రభుత్వ లోపం మాత్రమే కాదు.

ఇది మన ఒక్క ప్రాంతపు కథ కూడా కాదు. ప్రపంచంలో నాలుగు కోట్లకు పైబడిన జనం చేతి పనిముట్లతో, చిన్న యంత్రాలతో చేసే చిన్నతరహా గనుల మీద బతుకుతున్నారని ప్రపంచ బ్యాంకు అంచనా. జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ ప్రాంతాలు చూడండి. మన గూడూరు వైపు వలెనే అదీ అభ్రకం నేల. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం తరువాత అక్కడ చాలా గనులు కాగితం మీద మూతపడ్డాయి. కాని ఆడవారు, పిల్లలు పాత గుట్టల్లో అభ్రకం ముక్కలు ఏరడం ఆగలేదు. వారు ఏరినది రంగుల్లోకి, అలంకరణ సామగ్రిలోకి దేశదేశాలకు పోతూనే ఉన్నది. పని ఆగలేదు, సరుకు ఆగలేదు. పనిచేసేవారి పేరు మాత్రమే లెక్కలోనుండి పోయింది. మూసివేత వలన జరిగేది ఇదే.

ఇప్పుడు చట్టం ఏమంటున్నదో క్లుప్తంగా చూద్దాం. గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1957లో వచ్చింది. ఇంటి నిర్మాణానికి వాడే రాయి, గులకరాయి, ఇసుక వంటి వాటిని చిన్నతరహా ఖనిజాలన్నారు. వాటికి నియమాలు చేసే అధికారాన్ని ఆ చట్టం 15వ సెక్షను రాష్ట్రాలకు ఇచ్చింది. మన రాష్ట్రంలో 1966 నాటి చిన్నతరహా ఖనిజ నియమావళి ఉన్నది. మన నాపబండలు దాని కిందికే వస్తాయి. లీజు లేకుండా తీసిన రాయి ఈ చట్టం దృష్టిలో దొంగసొత్తు వంటిది. 2015 సవరణ తరువాత శిక్ష అయిదేళ్ళ వరకు జైలు, హెక్టారుకు అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా. పనిముట్లు, బండి కూడా స్వాధీనం చేసుకోవచ్చును. ఆచరణలో దొరికేది ఎవరు? మన ట్రాక్టరు. ఆ రాయిని కొని మెరుగు పెట్టి అమ్మినవాని సంగతి ఎవరూ అడగరు.

మరి లీజు తీసుకోవచ్చు కదా అంటారు. దారి చూడండి. గనుల శాఖకు దరఖాస్తు, తహసీల్దారు నిరభ్యంతర పత్రం, సర్వే, అర్హత గలవారు తయారుచేసిన గని ప్రణాళిక, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, డిపాజిట్లు. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అయిదు హెక్టార్లకు లోబడిన గనికి కూడా పర్యావరణ అనుమతి ఉండాలన్నది. ఆ తీర్పు అన్యాయమని నేను అనను. చిన్న చిన్న ముక్కలుగా కోసి పెద్ద విధ్వంసం దాచిపెట్టేవారిని ఆపడానికి వచ్చిన తీర్పు అది. కాని దాని ఖర్చు అందరికన్నా ఎక్కువగా రెండెకరాల మనిషి మీద పడింది. ఇటీవలి సంవత్సరాల్లో వేలం పద్ధతి వచ్చింది. వేలంలో డబ్బున్నవానిదే పాట. సమ్మెట పట్టినవాడు వేలంపాటలో గెలవలేడు.

కావున 'క్రమబద్ధీకరణ' అనే మాట విన్నప్పుడు మనం జాగ్రత్తగా ఉండాలి. ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, రాయిని లెక్కలోకి తెచ్చి సీనరేజి వసూలు చేయడం. రెండవది, రాయి తీసే మనిషిని కూడా లెక్కలోకి తేవడం. మొదటిది మాత్రమే జరిగితే పేదవాడు గనినుండి వెళ్ళగొట్టబడి, అదే గనికి కూలివాడుగా తిరిగి వస్తాడు. ఘనా దేశం 1989లోనే చిన్నతరహా బంగారు గనులకు చట్టబద్ధత ఇచ్చింది. అయినా అనుమతికి పట్టే కాలం, ఖర్చు, దూరం భరించలేక చాలామంది బయటనే ఉండిపోయారు. 2017లో ప్రభుత్వం చిన్నతరహా గనులన్నిటినీ నిలిపివేసినప్పుడు కాగితం ఉన్నవాడు, లేనివాడు కలిసి ఉపాధి కోల్పోయారు. 2018 డిసెంబరు వరకు ఆ నిషేధం సాగింది. మంగోలియాలో మరొక దారి పట్టారు. చిన్న గనివారు భాగస్వామ్య బృందాలుగా ఏర్పడి, స్థానిక పాలనతో ఒప్పందం చేసుకొని, కేటాయించిన నేలలో తవ్వుకొనే ఏర్పాటు చేశారు. చట్టం ఉంటే చాలదు, అది పేదవాని వాకిలి దాకా నడిచి రావాలన్నది ఈ రెండు దేశాలు చెప్పే పాఠం.

మన చట్టాల్లోనూ మనిషి జారిపోయే సందులున్నాయి. 1952 నాటి గనుల చట్టం రాతి గనుల్లో ఒక మినహాయింపు ఇచ్చింది. లోతు ఆరు మీటర్లు దాటకుండా, రోజుకు యాభైమందికి మించకుండా, పేలుడు పదార్థం వాడకుండా ఉన్న బహిరంగ గనికి ఆ చట్టంలోని చాలా భాగం వర్తించేది కాదు. అయినా పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను గనిలో పెట్టరాదన్న నిషేధం అక్కడ కూడా వర్తిస్తుంది, ఇది మరువకండి. మరోపక్క 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం గనుల చట్టం వర్తించే పనిని తన పరిధినుండి తప్పించింది. ఒక కార్యాలయానికి వెళితే నీవు గని కార్మికుడివి, ఇక్కడ కాదు అంటారు. మరొక కార్యాలయానికి వెళితే నీ గనికి లీజు లేదు, నీవు కార్మికుడివే కాదు అంటారు. ఇప్పుడు 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లలో ఈ పాత చట్టాలను కలిపివేశారు. కార్మికునికి నియామక పత్రం ఇవ్వాలని, నిర్దేశించిన వర్గాలకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలని వృత్తి భద్రత కోడ్‌లో రాశారు. మంచిదే. కాని యజమాని ఎవరో తేలని చోట ఆ పత్రం ఎవరు ఇస్తారు?

ఇక్కడ కొందరు పెద్దలు నాతో ఏకాంతంగా అన్న మాటను దాచను. "కాగితాల జోలికి పోతే పన్నులు, తనిఖీలు, లంచాలు. చీకట్లో ఉన్నదే మేలు" అన్నారు. వారి భయం అబద్ధం కాదు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి గనుక ఆ భయం ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. కాని లెక్క చూసుకోండి. కాగితం లేనివాడు రాయిని తాను కోరిన ధరకు అమ్మలేడు, పర్మిట్టు ఉన్నవాడు ఇచ్చిన ధరకే అమ్ముతాడు. బ్యాంకు అప్పు దొరకదు గనుక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొంటాడు, ఆ అడ్వాన్సు తీరేవరకు మరొక చోటికి పోలేడు. పట్టుబడినప్పుడు తప్పించుకొనుటకు ఇచ్చేదీ ఖర్చే. చీకట్లో ఉన్నవాడు కూడా పన్ను కడుతూనే ఉన్నాడు. దానికి రశీదు మాత్రం రాదు.

మరి మనమేమి చేయాలి? నా అనుభవం మేరకు అయిదు పనులు మనవి చేస్తాను.

మొదటిది, ముందు మనిషికి కాగితం. లీజు రావడానికి ఏళ్ళు పట్టవచ్చును. దానికోసం ఆగనక్కరలేదు. 2021 ఆగస్టు నుండి ఇ-శ్రమ్ నమోదు ఉన్నది. పదహారు నుండి యాభై తొమ్మిదేళ్ళ వయసులోని అసంఘటిత కార్మికులు నమోదు చేసుకోవచ్చును. వృత్తి అని అడిగిన చోట 'కూలి' అని రాయించకండి, రాతి గని పని అని స్పష్టంగా రాయించండి. బ్యాంకు ఖాతా ఉన్నవారు ఏటా ఇరవై రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా చేసుకోవచ్చును. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. వయోపరిమితి డెబ్బై ఏళ్ళు. ఆనాడు నా ఎదుట నిలబడిన ఆ తల్లి చేతిలో ఇటువంటి కాగితం ఒక్కటి ఉన్నా ఆమె ఉత్తచేతులతో పోయేది కాదు.

రెండవది, హాజరు పుస్తకం. ప్రతి గుంత దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఎవరు దిగారు, ఎంత రాయి తీశారు, ఎంత కూలి ముట్టింది, ఎవరు కొన్నారు. సంతకం, రాని వారికి వేలిముద్ర. సాధ్యమైనంత కూలిని బ్యాంకు ద్వారా తీసుకోండి. ఇది చట్టం అడిగినా అడగకపోయినా మన రక్షణకు మనం రాసుకొనే సాక్ష్యం. ఆడవారి పేర్లు వారి పేరుతోనే రాయండి. బండలు మోసేది, ముక్కరాయి ఎత్తేది వారైతే 'ఫలానావారి భార్య' అని భర్త లెక్కలో కలిపివేయడం అన్యాయం.

మూడవది, సంఘం. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద పదిమంది చేరితే సంఘం నమోదు చేయవచ్చును. రాతి క్వారీల విషయంలో వడ్డెర సంఘాలకు ప్రాధాన్యం ఇచ్చే ఆదేశాలు ఉమ్మడి రాష్ట్ర కాలం నుండి ఉన్నాయి. ఆ ప్రాధాన్యం తగ్గించి మాకు ఇవ్వండని మనం అడగకూడదు. వారి హక్కు వారిదే. సంప్రదాయంగా రాతి పనిలో ఉన్న ముస్లిం సమూహాలకూ అదే ద్వారం తెరవండని, కలిసి పనిచేసే చోట ఉమ్మడి సంఘాలను అనుమతించండని అడగాలి. గుంతలో ఆరుగురు కలిసి దిగారు. గట్టు విరిగినప్పుడు అది ఎవరి మతమూ అడగలేదు.

నాలుగవది, ప్రభుత్వాన్ని అడగవలసినది. చిన్న విస్తీర్ణంలోని గనులు కొన్నిటిని వేలం నుండి తప్పించి కార్మిక సంఘాలకు కేటాయించాలి. ఒకదానికొకటి అయిదు వందల మీటర్ల లోపున్న గనులను ఒక సమూహంగా చూసే పద్ధతి 2016 జనవరి నాటి కేంద్ర పర్యావరణ నోటిఫికేషన్‌లో ఉన్నది. ఆ పద్ధతిలో ఉమ్మడి పర్యావరణ ప్రణాళికను ప్రభుత్వమే తన ఖర్చుతో తయారుచేయిస్తే పేదవాని భారం సగం తీరుతుంది. దరఖాస్తుకు కావలసిన కాగితాల జాబితా తెలుగులో, వీలైన చోట ఉర్దూలో కూడా, ప్రతి కార్యాలయం గోడ మీద ఉండాలి. తిప్పి పంపే ప్రతి అర్జీకి కారణాలన్నీ ఒకేసారి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ చివరి కోరిక చిన్నదిగా కనిపించవచ్చును. దాని విలువ నాకు తెలుసు.

అయిదవది, జిల్లా ఖనిజ ఫౌండేషన్. 2015 సవరణలో వచ్చిన ఈ నిధి గనుల వలన నష్టపోయిన ప్రాంతాల కోసం, ప్రజల కోసం ఏర్పడింది. మన చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు సున్నపురాయి తీసే పెద్ద లీజులున్నాయి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన అటువంటి లీజులైతే రాయల్టీలో 30 శాతం, తరువాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం ఈ నిధికి చెల్లించాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు, స్త్రీ శిశు సంక్షేమం వంటివి దాని మొదటి ఖర్చులని నియమం. గ్రామసభలో మనం నోరు తెరవకపోతే అది మరెక్కడి రోడ్డుకో పోతుంది. గ్రామసభకు వెళ్ళండి. గని కార్మికుల ఊపిరితిత్తుల పరీక్ష, పాడుబడి నీరు నిండిన గుంతల చుట్టూ కంచె, బడి మానిన పిల్లలకు తిరిగి చదువు, ఈ మూడూ తీర్మానంగా రాయించండి.

ఊపిరితిత్తుల మాట వచ్చింది గనుక ఒక్క ముక్క. ఇసుకరాయి, గ్రానైటు, పలుగురాయి దుమ్ములో సిలికా ఎక్కువ. మన నాపరాతిలో తక్కువే గాని లేదని కాదు. నాలుగు గోడల మధ్య బండ కోసేచోట దుమ్ము ఎవరికీ మంచిది కాదు. సిలికోసిస్ వచ్చిన తరువాత ఊపిరితిత్తి తిరిగి బాగుపడదు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో దీనికి ప్రత్యేక విధానం తెచ్చింది. జబ్బు ధ్రువీకరణ అయితే మూడు లక్షలు, మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు, పింఛను ఇచ్చే ఏర్పాటు చేసింది. అక్కడ రాతి గని కార్మికులు, వారి సంఘాలు ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది అది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో కూడా అటువంటి విధానం కావాలని అడుగుదాం. అది వచ్చేదాకా నీళ్ళు చల్లి కోయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, దగ్గు నెల దాటితే మందుల దుకాణంతో సరిపెట్టక పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీయించండి.

ఇక మన బాధ్యత. కాగితం కోరేవాడు నియమాలనూ ఒప్పుకోవాలి. గట్టును నిలువుగా తవ్వవద్దు, మెట్లు మెట్లుగా దిగండి. వాన వెలిసిన రోజు గట్టు చూడకుండా దిగవద్దు. పిల్లవాణ్ణి గనికి తీసుకుపోవద్దు, ఒక్క పూటకైనా సరే. తీసిన గుంతను అలాగే వదిలి మరొకటి మొదలు పెట్టవద్దు. పక్క రైతు పొలంలో ముక్కరాయి పోయవద్దు. మనం నియమం తప్పితే మన హక్కు అడిగే గొంతు బలహీనపడుతుంది.

మన యువకులకు, ముఖ్యంగా చదువుకొన్న పిల్లలకు ఒక విన్నపం. మీ తాతతండ్రులు రాయి మోసి మిమ్మల్ని చదివించారు. వారానికి ఒక్క సాయంత్రం ఇవ్వండి. మసీదు దగ్గర, వడ్డెరవాడలో, ఎక్కడైనా ఒక బల్ల వేసుకొని కూర్చోండి. ఇ-శ్రమ్ నమోదు చేయండి, బీమా పత్రం నింపండి, అర్జీ రాసిపెట్టండి. నాకు కళ్ళు కనిపించినన్నాళ్ళు నేను ఆ బల్ల దగ్గర మీ పక్కన కూర్చుంటాను. ఉద్యోగంలో ఉండగా రాసి ఇవ్వని ఆ తెల్లకాగితాన్ని ఇప్పుడైనా రాసి ఇస్తాను.

ఆ రోజు మా కార్యాలయం నుండి వెళ్ళిపోయిన ఆ తల్లి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఆమె చంకలోని పిల్ల ఈపాటికి పెళ్ళీడు దాటి ఉంటుంది. ఆమె ఎప్పుడైనా ఎదురుపడితే, మీ ఆయన పేరు రాయలేకపోయాము గాని ఆయన తరువాత దిగినవారి పేర్లు రాశామమ్మా అని చెప్పగలగాలి. నా కోరిక ఇంతే.

 బయట వరండాలో నమోదు బల్ల సిద్ధంగా ఉన్నది. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తెచ్చుకొన్నవారు భోజనానికి ముందే పేరు రాయించుకొని వెళ్ళవలసిందిగా మనవి.